సంతకానికి ముందు ఒక్క ఫోన్ చేయండి

న్యాయ సలహాలు: పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం న్యాయవాది జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆపదల గురించే. ఫ్యాక్టరీ ప్రమాదం, తుపాను, విరిగిన బోటు. అన్నిటికీ చోటు లేదు కాబట్టి నలుగురైదుగురికి పనికొచ్చేవి ఎంచుకున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు.

*ప్రశ్న: లాయరమ్మ గారూ, మా ఆయన ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. పోయిన నెల ప్లాంటులో ప్రమాదం జరిగి చనిపోయారు. కర్మకాండలు కూడా పూర్తికాకుండానే కాంట్రాక్టరు మనుషులు ఇంటికొచ్చి, లక్షన్నర ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టమన్నారు. మా మరిది తీసుకోమంటున్నాడు. ఇంకొకాయన ఎవరో లాయరు పంపారని వచ్చి, వచ్చిన డబ్బులో ముప్పై శాతం ఇస్తే కేసు మొత్తం వాళ్లే చూసుకుంటారన్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు. ఎటూ పాలుపోవడం లేదు.* (ఒక సోదరి, గాజువాక)

తల్లీ, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకు. వేలిముద్ర కూడా వేయకు. మళ్లీ వస్తే, "చదివించుకుని చెప్తాను, ఒక కాపీ ఇవ్వండి" అని అడుగు. కాపీ ఇవ్వకపోతే ఫోన్లో ఫొటో తీసుకో. అదీ తియ్యనివ్వకపోతే ఆ కాగితంలో ఏముందో నీకే అర్థమవుతుంది.

ఇలాంటి కాగితాలు నా బల్ల మీదకు చాలా వచ్చాయి. అన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. పైన వంద రూపాయల స్టాంపు, తారీఖు దగ్గర ఖాళీ, మొత్తం రాసేచోట ఒక్కోసారి అదీ ఖాళీయే. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది: "ఇందుతో నాకు రావలసిన సమస్త బకాయిలు ముట్టినవి, ఇకపై ఎవరిపైనా ఏ దావా వేయను." చివర ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆ సాక్షులిద్దరూ కాంట్రాక్టరు మనుషులే అయి ఉంటారు.

చట్టం ఏమంటుందో చెప్తాను. పనిలో ప్రమాదం వల్ల కార్మికుడు చనిపోతే పరిహారం సొమ్మును యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. కార్మిక శాఖలో దానికోసం ఉన్న అధికారి దగ్గర జమ చేయాలి. భార్యకెంత, పిల్లలకెంత, తల్లిదండ్రులకెంత అన్నది ఆ అధికారి తేలుస్తారు. 1923 నాటి చట్టంలోనే ఈ నియమం ఉంది. ఇప్పుడది సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి చేత తక్కువకు సంతకం పెట్టించుకుంటారని తెలిసే ఆ రోజుల్లోనే ఈ ఏర్పాటు చేశారు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితానికి చట్టం ముందు విలువ లేదు. ఖర్చులకు ఇప్పటికే ఎంతో కొంత తీసుకుని ఉన్నా భయపడకు, దానివల్ల నీ హక్కు పోదు.

రెండో మాట. "ఆయన మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అని కంపెనీ అంటుంది. కంపెనీ పని చేస్తూ పోయాడు కాబట్టి పరిహారం కంపెనీ నుంచి అడగొచ్చు. కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవడం ఆ తర్వాత కంపెనీ పని. దానికి నువ్వు ఆగనక్కర్లేదు.

ఇంట్లో పాత జీతం స్లిప్పు ఏదైనా ఉందేమో వెతుకు. అందులో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) నంబరు ఉంటే దారి మారుతుంది. అప్పుడు ఏకమొత్తం పరిహారం బదులు నీకూ పిల్లలకూ ఈఎస్ఐ నుంచి నెలనెలా పింఛను వస్తుంది. ఈఎస్ఐ లేకపోతే నెల జీతంలో సగాన్ని, ఆయన వయసును బట్టి చట్టంలో ఇచ్చిన ఒక అంకెతో హెచ్చవేసి పరిహారం కడతారు. వయసు తక్కువైతే ఆ అంకె పెద్దది. చిన్న వయసులో పోయినవాళ్ల విషయంలో లక్షన్నర ఆ లెక్కకు దరిదాపుల్లో కూడా ఉండదు. ఇది కాక పీఎఫ్ ఖాతా ఉంటే దాంతోపాటు బీమా ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షల వరకు. కాంట్రాక్టరు మనుషులు ఈ మాట చెప్పరు.

ఇక ముప్పై శాతం సంగతి. నా వృత్తిలోని వాళ్ల గురించి ఇలా రాయడం నాకు బాధే, అయినా రాయాలి. కేసు గెలిస్తే వచ్చేదాంట్లో వాటా తీసుకుంటానని ఏ న్యాయవాదీ ఒప్పందం చేసుకోకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు దాన్ని నిషేధించాయి. మనిషిని పంపి కేసులు పోగుచేసుకోవడం కూడా నిషేధమే. 1984లో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగిన కొద్ది రోజులకే అమెరికా నుంచి లాయర్లు విమానాలు దిగి, బస్తీల్లో తిరిగి వకాల్తా (కేసును లాయరుకు అప్పగించే) కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసి బాధితులందరి తరఫునా దావా వేసే హక్కును కేంద్ర ప్రభుత్వానికి అప్పగించింది. ఆపద జరిగిన చోటికి ఇలాంటి బేరగాళ్లు అందరికంటే ముందు వస్తారు. మంచి లాయరు నీ ఇంటి గుమ్మం ఎక్కి బేరమాడడు.

నీకు లాయరు ఉచితంగా దొరుకుతారు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం, సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, పారిశ్రామిక ప్రమాద బాధితులకు, తుపాను, వరద లాంటి విపత్తుల బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసాయం అందాలి. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, టైపింగు, కాపీల ఖర్చు, ఏదీ నీ మీద పడదు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. రాలేకపోతే 15100కు ఫోన్ చెయ్యి, టోల్ ఫ్రీ.

వచ్చేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, ఆయన గేటు పాసు, బ్యాంకు పాసుబుక్కు తెచ్చుకో. ఆ షిఫ్టులో ఆయనతో పనిచేసిన ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు ఇప్పుడే రాసిపెట్టుకో. కాంట్రాక్టు కార్మికులు నెల తిరిగేసరికి ఇంకో సైటుకు వెళ్లిపోతారు, ఆ తర్వాత వెతికినా దొరకరు.

మరిది మీద కోపం పెట్టుకోకు. చేతికొచ్చిన డబ్బు కూడా పోతుందేమోనన్న భయంతో అలా అంటున్నాడు. ఆఫీసుకు వచ్చేటప్పుడు ఆయన్నీ వెంటబెట్టుకుని రా. ఈ లెక్క ఆయన ముందే వేయిద్దాం.

*ప్రశ్న: తుపానుకు ఇంట్లోకి నీళ్లు వచ్చి బీరువాలోని ఇంటి దస్తావేజు, మా అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్, నాన్నగారి పట్టా అన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇల్లు మాదేనని రేపు ఎలా చూపించాలి? చాలా టెన్షన్‌గా ఉంది.* (ఒక పాఠకుడు, ఆరిలోవ)

ముందు కాగితాల సంగతి చూడండి, కోర్టు సంగతి తర్వాత. ఒకదానికొకటి అంటుకున్న కాగితాలను బలవంతంగా విడదీయకండి. ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టకండి, ఎండలో పడేయకండి. ఎలా ఉన్నవి అలాగే ముందు ఫొటోలు తీయండి. తర్వాత పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పేపరు తడిసినప్పుడల్లా మారుస్తూ నీడలో ఆరనివ్వండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకిన తర్వాత కరెంటు లేక, ఫోన్లు పనిచేయక ఊరు ఊరంతా చీకట్లో ఉన్న రోజుల్లో ఒక శిబిరంలో ఇదే పని చేశాం. కిటికీకీ స్తంభానికీ మధ్య తాడు కట్టి, బట్టల క్లిప్పులతో దస్తావేజులు ఆరేశాం. ఒక పెద్దావిడ తన ఇంటి స్థలం పట్టాను జాకెట్లో పెట్టుకుని వచ్చింది. మడతల దగ్గర సిరా పాకిపోయింది కానీ సర్వే నంబరు, తహసీల్దారు సంతకం మాత్రం నిలిచాయి. ఆ రెండూ చాలు, మిగతాది ఆఫీసు రికార్డులోంచి బయటికి తీయొచ్చు.

మీ ఇంటి దస్తావేజు రిజిస్టరైనదే కాబట్టి దిగులు వద్దు. అసలు పోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని నకలు ఉంటుంది. నంబరు, సంవత్సరం ఇచ్చి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, పక్కనే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) కూడా తీయించండి. నంబరు గుర్తు లేకపోతే ఈసీలోనే దొరుకుతుంది. ఆ సర్టిఫైడ్ కాపీ కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. పట్టాకు తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టండి. పదో తరగతి సర్టిఫికెట్‌కు స్కూలు హెడ్‌మాస్టరు ద్వారా బోర్డుకు డూప్లికేట్ కోసం రాయాలి. నీళ్లలో పాడయ్యాయని ఇప్పుడే సచివాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, తారీఖుతో ముద్ర వేయించుకోండి. ఆర్నెల్ల తర్వాత రాసిన అర్జీని ఎవరూ తుపానుతో కలిపి చూడరు.

రిజిస్టరు కాని అగ్రిమెంటు, చేబదులు నోటు లాంటివి ఉంటేనే నాకు దిగులు. వాటికి ఎక్కడా నకలు ఉండదు. తడిసినా చిరిగినా ఆ అసలు ముక్కలనే దాచండి, పారేయకండి.

*ప్రశ్న: ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా తీసుకుంటే ఇక కంపెనీ మీద కేసు వేసే హక్కు ఉండదా? మా వీధిలో అందరూ అలాగే అంటున్నారు.* (ఒక పాఠకుడు, గోపాలపట్నం)

ఉంటుంది. ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం తనంతట తానుగా ఇచ్చే సాయం. పరిహారం తప్పు చేసినవాళ్లు చట్టప్రకారం కట్టవలసిన బాకీ. ఒకటి తీసుకుంటే రెండోది రద్దు కాదు.

మీ పక్కనే జరిగింది కదా. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. అవి లాక్‌డౌన్ రోజులు, కోర్టులు వీడియోలో నడుస్తున్నాయి. అయినా హైకోర్టు అదే రోజు తనంతట తానే విషయాన్ని విచారణకు తీసుకుంది. మర్నాడు పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. ప్రభుత్వం డబ్బిచ్చింది కదా, ఇక చాలు అని ఎవరూ అనలేదు.

ప్రమాదకరమైన రసాయనాలతో వ్యాపారం చేసేవాళ్లు, తప్పు తమది కాదన్నా సరే, నష్టం కట్టాల్సిందే అన్న సూత్రం 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసు అది. ఆ గ్యాస్ వల్ల పోయింది తీస్ హజారీ కోర్టులో పనిచేసే ఒక న్యాయవాది. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

మీరు చేయాల్సింది ఒకటుంది. గడువు చూసుకోండి. హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం కోరడానికి ఐదేళ్లు. ఎక్కువనిపిస్తుంది కానీ, దగ్గు, కళ్లమంట, చర్మం మీద దద్దుర్లు అంటూ ఆస్పత్రికి వెళ్లినవాళ్లు ఓపీ చీటీలు దాచుకోకపోతే ఐదేళ్లూ వృథా అవుతాయి. ప్రతి చీటీ, ప్రతి మందుల బిల్లు ఒక కవరులో వేయండి. ఇంట్లో ఎవరి కవరు వారికి వేరుగా ఉండాలి.

*ప్రశ్న: గాలివానకు లంగరేసిన చోటే నా బోటు పక్క బోటుకు గుద్దుకుని పాడైంది. బీమా ఉంది. ఆలస్యంగా చెప్పారని కంపెనీ క్లెయిమ్ తిప్పేసింది. ఆ నాలుగు రోజులూ కరెంటు లేదు, ఫోను లేదు, ఎలా చెప్పేది?* (ఒక బోటు యజమాని, ఫిషింగ్ హార్బర్)

అన్నా, మీరు అడిగిందే సరైన ప్రశ్న, దాన్నే కాగితం మీద పెట్టండి. చెప్పడంలో ఆలస్యం అయిందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను తిప్పికొట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఆలస్యానికి కారణం ఉంటే చూడాలి. తుపాను కంటే పెద్ద కారణం ఏముంటుంది?

క్లెయిమ్ ఎందుకు కాదన్నారో రాతలో తీసుకోండి, సర్వేయరు రిపోర్టు కాపీ అడగండి. తర్వాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాదిలోపు వేయాలి. అక్కడ లాయర్లు వాదించడానికి వీల్లేదు, మీరే మాట్లాడాలి. కానీ ఆ ఫిర్యాదు రాయడానికి, కాగితాలు వరుసలో పెట్టడానికి మా సాయం తీసుకోవచ్చు. దాంతో కాకపోతే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్ ఉంది.

బోటు బాగుచేయించే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. రిజిస్ట్రేషన్ నంబరు కనపడేలా ఒకటి ఉండాలి. పక్క బోటు సరంగుతో (నడిపే మనిషితో) ఏం జరిగిందో ఒక పేజీ రాయించి సంతకం చేయించండి. మత్స్యశాఖ వాళ్లు నష్టం రాసుకుని వెళ్లారు కదా, ఆ జాబితా నకలు కూడా అడగండి.

బీమా లేని బోట్లవాళ్లకు ఒక మాట. 2023 నవంబర్ 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి పదుల బోట్లు కాలిపోయినప్పుడు బోటు విలువలో 80 శాతం ప్రభుత్వం ప్రకటించింది. ప్రతిసారీ అలా ఇస్తారని ఏ చట్టంలోనూ లేదు. ప్రీమియం భారమే, తెలుసు. అయినా కట్టండి.

*ప్రశ్న: మేడమ్, నేను లాయరుగా ఎన్‌రోల్ అయి ఏడాదైంది. మొన్నటి వానల్లో కొండవాలు కాలనీల్లో ఇళ్లు కూలినప్పుడు వెళ్లాను. బియ్యం, దుప్పట్లు పంచేవాళ్లు చాలామంది ఉన్నారు. లాయరుగా నేనేం చేయాలో తెలియక నిలబడిపోయాను. మొదటి వారంలో మన పని ఏమిటి?* (ఒక జూనియర్ అడ్వొకేట్, ఎంవీపీ కాలనీ)

బాబూ, నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. వెళ్లావు, అది ముందు.

మొదటి వారంలో మన పని అర్జీలు రాయడం. ఒక బల్ల, రెండు కుర్చీలు, తెల్ల కాగితాలు, కార్బన్, స్టాంపు ప్యాడ్ చాలు. నష్టం రాసుకోవడానికి సచివాలయం సిబ్బంది వస్తారు, తర్వాత జాబితా నోటీసు బోర్డు మీద పెడతారు. పేర్లు జారిపోయేది అక్కడే. నేను చూసినంతవరకు ఎక్కువగా పోయేవి అద్దెకున్నవాళ్ల పేర్లు. ఇల్లు ఓనరుది కాబట్టి నష్టం ఓనరు పేరున రాస్తారు. మంచం, టీవీ, కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు పోయింది అద్దెకున్నవాళ్లవి. కొండ మీద పట్టా లేకుండా ఇల్లు కట్టుకున్నవాళ్ల సంగతీ అంతే. నువ్వు ఆ జాబితా ఫొటో తీసుకుని, ఇంటింటికీ వెళ్లి, లేనివాళ్ల పేర్లు పోగుచేసి, అభ్యంతరం గడువులోపు అర్జీలు ఇప్పించు. రెండు కాపీలు తీయించి, ఒకదాని మీద తారీఖుతో ముద్ర వేయించి వాళ్ల చేతికివ్వు. ఆ ముద్ర లేకపోతే అర్జీ ఇచ్చామని చెప్పుకోవడానికి కూడా ఆధారం ఉండదు.

నష్టం ఎక్కువ చేసి రాయమని అడిగేవాళ్లు ఉంటారు. రాయకు. విపత్తు నిర్వహణ చట్టం 2005, సెక్షన్ 52 కింద తప్పుడు క్లెయిమ్‌కు రెండేళ్ల వరకు జైలు ఉంది. ఒక్కరి అబద్ధం బయటపడితే వీధి వీధినంతా అనుమానిస్తారు. ఉన్నది ఉన్నట్టు, వస్తువు పేరుతో సహా రాస్తే అదే గట్టిగా నిలబడుతుంది.

వెతికే ఓపిక కావాలి. కోవిడ్ మరణాలకు 50 వేలు ఇవ్వాలన్నప్పుడు చాలామంది మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని లేదు. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు చనిపోతే కోవిడ్ మరణంగానే లెక్క వేయాలన్న మార్గదర్శకం ఉంది. కానీ ఆ పాజిటివ్ అన్న మెసేజ్ చనిపోయినవాళ్ల ఫోన్లో ఉండేది. ఫోన్ లాక్ అయి, సిమ్ ఆగిపోయి ఉండేది. కంచరపాలెంలో ఒక ఇంటావిడతో మాట్లాడుతుంటే, పక్కింటివాళ్ల అబ్బాయి నంబరు మీద పరీక్ష రాయించారని మూడో మాటలోనో నాలుగో మాటలోనో బయటపడింది. అతని ఫోన్లో ఆ మెసేజ్ అలాగే ఉంది. చట్టం ఎంత చదివినా ఆ మెసేజ్ దొరకదు. ఆవిడతో చాప మీద కూర్చుని మాట్లాడితే దొరికింది.

చేయకూడనివి కూడా ఉన్నాయి. శిబిరంలో విజిటింగ్ కార్డులు పంచకు, వకాల్తాల మీద సంతకాలు తీసుకోకు. ఏడుస్తున్నవాళ్ల ఫొటోలు స్టేటస్‌లో పెట్టకు. వాళ్లు నీకు చెప్పింది లాయరుకు చెప్పిన మాట, అది బయటికి పోకూడదు. ఆధార్ నంబర్లు రాసుకున్న పుస్తకాన్ని బల్ల మీద వదిలి టీకి వెళ్లకు.

న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లోకి (ఉచిత కేసులు చూసే లాయర్ల జాబితాలోకి) రావాలంటే సాధారణంగా మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. అప్పటిదాకా ప్యానెల్‌లో ఉన్న ఎవరైనా సీనియర్‌తో వెళ్లు. తహసీల్దారు ఆఫీసులో విపత్తు ఫైలు చూసే గుమస్తా ఎవరో, సచివాలయంలో అర్జీ అందినట్టు వేసే ఇన్వార్డు ముద్ర ఎవరి దగ్గర ఉంటుందో ఇప్పుడే తెలుసుకో. అక్టోబరు, నవంబరుల్లో మనకు తుపాన్లు తప్పవు. కార్బన్ పేపర్లు మాత్రం ఒక పెట్టె ఎక్కువే కొను, కరెంటు లేనిరోజు జిరాక్స్ షాపు తెరవరు.